శుభలేఖ మీద ఇంగ్లిష్ పేర్లకు బొడోనీ ఫాంట్ వాడొచ్చా? సన్నగీతలు ప్రింటులో ఎగిరిపోతాయంటున్నారు, నిజమేనా?

నిజమే. నా జేబుకే చిల్లు పడింది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

డీటీపీ పనిలో చేరిన కొత్తలో ఒక పెళ్లి కార్డు చేశాను. మెరూన్ అట్ట మీద బంగారు ఫాయిల్. వధూవరుల పేర్లు 36 పాయింట్ల సైజులో అద్దంలా వచ్చాయి. ఆ మోజులో వేదిక అడ్రసు కూడా అదే ఫాంటులో, 8 పాయింట్లలో పెట్టేశాను. స్క్రీన్ మీద పెద్దది చేసి చూసుకుని మురిసిపోయాను కూడా. కార్డులు వచ్చాక చూస్తే ఫంక్షన్ హాల్ అన్నచోట 'హెచ్'లో అడ్డగీత లేదు, రెండు నిలువు కర్రలు మిగిలాయి. మూడు వందల కార్డులు మళ్లీ నా ఖర్చుతోనే వేయించాను.

తప్పు ఫాంటుది కాదు. పాళీ నొక్కితే లావుగా, వదిలితే సన్నగా గీత పడుతుంది కదా, ఆ తేడాను చివరిదాకా లాగితే వచ్చేవి ఈ అక్షరాలు. ఇంగ్లండులో బాస్కర్‌విల్ అనే ముద్రాపకుడు నున్నటి కాగితం, చిక్కటి సిరాతో దారి వేశాడు. 1780ల నాటికి పారిస్‌లో ఫిర్మాన్ డిడో, ఇటలీలోని పార్మాలో జాంబతిస్తా బొడోనీ దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. నిలువు గీత స్తంభంలా ఉంటుంది, అడ్డగీత వెంట్రుకలా ఉంటుంది. అక్షరం కొసన ఉండే సెరిఫ్ కూడా వంపు లేకుండా బల్లపరుపుగా, సన్నగా ఉంటుంది. ఫ్యాషన్ పత్రికల పేర్లలో కనిపించే ఆ దర్జా ఇక్కడిదే.

ఇప్పుడు లెక్క చూడండి. సన్నగీత మందం ఫాంటు సైజులో నూటికి రెండు వంతులు అనుకుందాం. 36 పాయింట్లలో అది పావు మిల్లీమీటరు. 8 పాయింట్లకు దిగితే 0.06 మిల్లీమీటరు కూడా ఉండదు. అంత సన్నటి గీతను ఫాయిల్ పట్టుకోలేదు. ముదురు రంగు మధ్యలో తెల్ల అక్షరాలు వదిలితే చుట్టూ ఉన్న సిరా పాకి గీతను మింగేస్తుంది.

బొడోనీ ఒకే అచ్చును సాగదీయలేదు, ఒక్కో సైజుకూ విడిగా అక్షరాలు చెక్కించాడు. ఆయన పోయాక 1818లో భార్య అచ్చు వేయించిన 'మాన్యువాలే తిపోగ్రఫికో' రెండు సంపుటాల నిండా ఆ అచ్చులే. ఇప్పటి వాటిలో ఐటీసీ బొడోనీకి 6, 12, 72 పాయింట్ల సైజులకని మూడు రకాలున్నాయి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే బొడోనీ మోడాలో సైజుకు తగ్గట్టు సన్నగీత మందం మార్చుకోవచ్చు. చాలామంది ఆ సంగతి చూసుకోరు, పెద్ద సైజుది తెచ్చి చిన్నగా వాడేస్తారు.

మీ కార్డుకైతే ఇంగ్లిష్ పేర్లు మాత్రం బొడోనీలో, 30 పాయింట్లకు తగ్గకుండా పెట్టండి. తేదీ, వేదిక, ఫోన్ నంబర్లకు సాదా ఫాంటు చాలు. మన తెలుగు అక్షరాల్లో గీత చాలావరకు ఒకే మందంలో తిరుగుతుంది కాబట్టి రెండింటినీ ఒకే వరసలో ఇరికించకండి, పక్కపక్కన ఉంటే బొడోనీ వెలిసిపోయినట్టుంటుంది. ప్రూఫ్ పీడీఎఫ్‌లో చూసి సరే అనొద్దు. అదే అట్ట మీద, అదే ఫాయిల్‌తో ఒక్క కార్డు కొట్టించి, ముందు 'హెచ్' వెతకండి.