వాటా లేకపోతే సంతకం ఎందుకు?

"కట్నకానుకలిచ్చి పెళ్లి చేశాక కూడా ఆడపిల్ల పుట్టింటి ఆస్తిలో వాటా అడగడం న్యాయమేనా?" అని అడిగారు.

న్యాయమే. ఒక్క ముక్కలో ఆపేయొచ్చు. కానీ నేను గుంటూరు జిల్లాలో దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. ఇదే ప్రశ్న అన్నల నోట, బావల నోట విని విని ఉన్నాను గనక కాస్త ఎక్కువే చెబుతాను.

ముందు కట్నం సంగతి. 1961 నుంచీ కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరమే. అయినా నా దగ్గరికొచ్చే అన్నదమ్ముల్లో చాలామంది "చెల్లెలికి ఇంత కట్నం ఇచ్చాం, అది వాటా కింద చెల్లయినట్టు రాయండి" అంటారు. "బాబూ, నేరం చేశామని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టవుతుంది" అంటే, "పోనీ పసుపు కుంకుమల కింద ఇచ్చినట్టు రాయండి" అంటారు. అసలా డబ్బు ఆ అమ్మాయి చేతిలో పడిందా? దాంతో మామగారు మేడ కట్టుకున్నాడు, మరిది చదువుకున్నాడు. ఎవరో తిన్నదానికి ఈవిడ చెయ్యి కడుక్కోవాలంటే ఎట్లా?

ఇక ఒక కుటుంబం కథ చెబుతాను. 2015 మొదట్లో మాట. రాజధాని ప్రకటన వచ్చాక, కృష్ణ ఒడ్డున పొలం ఉన్న ప్రతివాడికీ ఉన్నట్టుండి పాత కాగితాలు గుర్తొచ్చిన రోజులు. ఓ పొద్దున ఒకే కారులో నలుగురు దిగారు. ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరు అక్కచెల్లెళ్లు. తండ్రి 2003లో పోయాడు, తల్లి అంతకు ముందే పోయింది. నాలుగెకరాల మాగాణి, తాతల నాటి పిత్రార్జితం. రిజిస్టరు పంపకాలు ఏనాడూ జరగలేదు. అన్నదమ్ములిద్దరూ చెరో రెండెకరాలు సాగు చేసుకుంటున్నారు. ఆడవాళ్లిద్దరి చేతా హక్కు విడుదల దస్తావేజు, అంటే తమ వాటా వదులుకుంటున్నామన్న కాగితం రాయించి, ఆఫీసులో లంచ్ టైమ్ కాకముందే రిజిస్ట్రేషన్ అయిపోవాలన్నారు. పెద్దాయన చేతిలో పట్టుచీరల కవర్లు రెండున్నాయి. సంతకాలయ్యాక ఇవ్వడానికన్నమాట.

రాశాను. రాసింది పైకి చదివి వినిపించడం మా నాన్న దగ్గర అబ్బిన అలవాటు. "షెడ్యూలు ఆస్తిలో మాకు గల యావత్తు హక్కులను, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, మా ఇష్టపూర్వకంగా..." అన్న చోట చిన్నావిడ ఆపింది.

"అన్నయ్యా, మాకు వాటా లేదంటివి గదా. లేనప్పుడు మా సంతకం ఎందుకు?"

"ఫార్మాలిటీ అమ్మా."

"ఫార్మాలిటీకేనా ఇంటికి కారు పంపించింది?"

చిన్నాయన ఫోనొచ్చినట్టు బయటికి జారుకున్నాడు. ఆవిడ నావైపు తిరిగి, "మీరు చెప్పండి రైటరుగారూ, మాకెంత వస్తుంది?" అంది.

ఫీజు ఇచ్చేది పెద్దాయన. ఆయన చూపు నా మొహం మీదే ఉంది. అయినా అడిగాక దాచే గుణం నాకు లేదు. ప్రింటు పాడైన కాగితం ఒకటి తిరగేసి లెక్క వేశాను. మీరూ కాస్త ఓపికగా చూడండి, చట్టాల చరిత్రంతా ఈ నాలుగెకరాల్లోనే కనిపిస్తుంది.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం పిత్రార్జితంలో పుట్టుకతో హక్కు కొడుకులకే. తండ్రి, ఇద్దరు కొడుకులు కలిసి మూడు భాగాలు. తండ్రి భాగానికొచ్చే ఎకరం ముప్పై మూడు సెంట్లలో మాత్రమే నలుగురు పిల్లలూ సమానం. అంటే ఆడపిల్లకు ముప్పై మూడు సెంట్లు, కొడుక్కి ఎకరం అరవై ఆరు.

తర్వాత ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో సవరణ చేసి, దాన్ని 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తింపజేసింది. కూతురికీ కొడుకులాగే పుట్టుకతో హక్కు. ఈ పద్ధతిలో చేసింది దేశంలో మనమే ముందు. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో మన వెనక వచ్చాయి. అందుకు గర్వపడాల్సిందే. కానీ ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతురికి ఇది వర్తించదని అందులోనే ఒక మెలిక పెట్టారు. పెద్దావిడ పెళ్లి 1985 మే నెలలో, చిన్నావిడది 1987లో. ఆ లెక్కన భాగాలు నాలుగవుతాయి: తండ్రి, ఇద్దరు కొడుకులు, చిన్న కూతురు. తలా ఎకరం పోగా తండ్రి ఎకరాన్ని నలుగురూ పంచుకోవాలి. చిన్నావిడకు ఎకరం పాతిక, పెద్దావిడకు పాతిక సెంట్లు! ఆడవాళ్ల కోసం తెచ్చిన సవరణతో పెద్దావిడ వాటా ముప్పై మూడు నుంచి పాతికకు పడిపోయింది. సెప్టెంబరు దాకా ముహూర్తాలు లేకపోయుంటే ముప్పావు ఎకరం ఎక్కువొచ్చేది పాపం.

ఇక 2005 సెప్టెంబరు 9న వచ్చిన కేంద్ర సవరణ పెళ్లి మెలిక తీసేసింది. నలుగురికీ తలా ఎకరం. తండ్రి అంతకు ముందే పోతే ఏమిటన్న దానిమీద అప్పటికి కోర్టులు తలో మాట చెబుతున్నాయి. 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు, సవరణ వచ్చిన తేదీకి తండ్రి బతికుండాలంది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీల బెంచి, తండ్రి బతికుండక్కర్లేదు, ఇది పుట్టుకతో వచ్చిన హక్కు అని తేల్చేసింది. రాజ్యాంగం 14, 15 అధికరణాల్లో సమానత్వం రాసుకున్నది 1950లో. ఆడవాళ్లకు ఆస్తి హక్కులిచ్చే హిందూ కోడ్ బిల్లును నానబెట్టారని అంబేద్కర్ మంత్రి పదవి వదులుకున్నది 1951లో. ఒక్క ఎకరం దగ్గరికి ఆ సమానత్వం నడిచి రావడానికి ఎన్నేళ్లు పట్టిందో చూసుకోండి.

చిన్నావిడ ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది. పెద్దావిడ మాత్రం చెల్లెలి చెయ్యి పట్టుకుని, "వద్దులేవే. ఎకరం కోసం అన్నయ్యతో తగువా? రేపు నీ కూతురి పెళ్లికి గంప ఎత్తేదెవరు?" అంది.

"గంప ఎత్తడానికి ఎకరం అడుగుతాడా అక్కా?"

దానికి ఎవరూ బదులు చెప్పలేదు. పెద్దావిడ ఒక్కదాని పేరుతో దస్తావేజు మళ్లీ రాశాను. ఆవిడ సంతకం పెట్టి చీర పుచ్చుకుంది. చిన్నావిడ పెట్టలేదు, చీరా ముట్టుకోలేదు. బస్సెక్కి వెళ్లిపోయింది. నాకు సగం ఫీజే దక్కింది. తర్వాత తెలిసిందేమిటంటే, కొన్నాళ్లు మాటల్లేకుండా గడిచాక చిన్నావిడకు ముప్పావు ఎకరం ఇచ్చి, వేరే రైటరు దగ్గర భాగపరిష్కారం, అంటే పంపకాల దస్తావేజు రాయించుకున్నారట.

2020 తీర్పు టీవీల్లో వచ్చాక పెద్దావిడ కొడుకు నా దగ్గరికొచ్చాడు. "మా అమ్మకు ఎకరం వస్తుందటగా" అని. ఎక్కడొస్తుంది? రిజిస్టరైన విడుదల దస్తావేజును తనంతట తాను రద్దు చేసుకోవడం కుదరదు. మోసం చేసి రాయించుకున్నారని సివిల్ కోర్టుకు వెళ్లాలి, అదీ మోసం తెలిసిన మూడేళ్ల లోపల. మోసమెక్కడిది? లెక్క వేసి చూపించింది నేనే. ఆవిడ తెలిసే వదులుకుంది. అతనికి టీ ఇప్పించి పంపాను.

అందుకే ఎవరైనా "ఆడవాళ్లకు చట్టాలు ఎక్కువైపోయాయి" అంటే నాకు ఒళ్లు మండుతుంది. చట్టం ఇచ్చింది ఇచ్చినట్టే ఉంటుంది, చీర పెట్టి వెనక్కి తీసుకుంటారు. ఇంకో రకం వాళ్లున్నారు. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాలను కొత్త చట్టం కదిలించదని యూట్యూబులో ఎవరో చెబుతారు. వెంటనే "పాత తేదీ స్టాంపు పేపరు దొరుకుతుందా" అని పరిగెత్తుకొస్తారు. ఆ పంపకం రిజిస్టరై ఉండాలి లేదా కోర్టు డిక్రీ ఉండాలి అన్న ముక్క మాత్రం వీడియోలో వినరు. తెల్ల కాగితం మీద 1996 అని రాసి టీలో ముంచితే దస్తావేజు అయిపోదు నాయనా.

చట్టమూ పూర్తిగా సరిగ్గా ఉందని నేననను. భర్త పోయి పిల్లల్లేని హిందూ స్త్రీ వీలునామా రాయకుండా పోతే, తన సొంత సంపాదన కూడా తల్లిదండ్రుల కంటే ముందు భర్త తరఫు వారసులకే పోతుంది. ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లలు దీని గురించైనా తెలుసుకుని, ఒక వీలునామా రాసి పెట్టుకోవాలి. దానికి రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులుంటే చాలు.

ఇక మీ ప్రశ్నకొస్తే, చెల్లెలు వాటా అడగడం న్యాయమా కాదా అన్నది అన్నగారు తేల్చాల్సింది కాదు. నాకున్న కోరిక ఒకటే. రిజిస్ట్రేషన్ అప్పుడు ఆఫీసరు "సంతకం మీదేనా" అని అడుగుతాడు, ఆవిడ తలూపుతుంది, ఫొటో తీసి వేలిముద్ర వేయిస్తారు. అన్నగారు పక్కనే నిలబడి ఉంటాడు. ఆయన్ని బయట కూర్చోబెట్టి, మీరు వదులుకుంటున్నది ఇన్ని సెంట్లు, దాని ఖరీదు ఇంత అని ఆవిడకు ఒక్కసారి చదివి వినిపించమనండి. సర్వర్ డౌన్ అని గంటల కొద్దీ జనాన్ని బెంచీల మీద కూర్చోబెడతారు గదా, టైము లేదని మాత్రం చెప్పొద్దనండి.