తొర్రలోని పైడికంటిని ఫోటో తీయడం: దగ్గరికి పోగానే దాక్కుంటోంది, ఫోటోలు మసకగా వస్తున్నాయి, ఏం చేయాలి?

పొలం గట్టు మీది చింతచెట్టు తొర్రలో పైడికంటి (చిన్న గుడ్లగూబ) జంట ఉందనీ, 70-300 లెన్సుతో సాయంత్రం తీసినవన్నీ పాడైపోతున్నాయనీ రాశారు. అది దాక్కోవడానికి కారణం మీరు దాని దగ్గరికి నడుచుకుంటూ పోవడమే. అది వచ్చి వాలే చోటికి ఎదురుగా మీరే ముందుగా వెళ్లి కూర్చోవాలి.

మొదటి మూడు సాయంత్రాలు కెమెరా ఇంట్లోనే ఉంచండి. పొద్దు గుంకడానికి 45 నిమిషాల ముందే వెళ్లి, చెట్టుకు 12-15 మీటర్ల దూరంలో, తొర్రకు సూటిగా కాకుండా ఓ పక్కగా కూర్చోండి. గడ్డివామునో పొదనో ఆనుకుంటే మనిషి ఆకారం విడిగా కనబడదు. అది ఎన్ని గంటలకు తొంగి చూసింది, బయటికి రాగానే ఏ కొమ్మ మీద వాలింది, ఈ రెండే రాసుకోండి. సాధారణంగా వెంటనే వేటకు పోదు. దగ్గర్లోని ఎండుకొమ్మ మీద కాసేపు ఈకలు సర్దుకుంటుంది, ఒళ్లు విరుచుకుంటుంది. మర్నాడు కూడా చాలాసార్లు అదే కొమ్మ. ఫోకస్ పెట్టుకుని ఎదురుచూడాల్సింది దాని మీదే.

తల కిందికీ పైకీ ఊపుతూ మిమ్మల్నే చూస్తోందంటే మరీ దగ్గరయ్యారన్నమాట, వెనక్కి జరగండి. ఒళ్లు సన్నగా బిగించి కళ్లు సగం మూస్తే అది నిద్ర కాదు, దాక్కునే ప్రయత్నం. కునుకు తీస్తోందనుకుని మరో అడుగు వేసేవాళ్లే ఎక్కువ.

ఇక మసక సంగతి. 300 మి.మీ. దగ్గర మీ లెన్సు f/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు, కాబట్టి సందెవెలుగులో కెమెరా షట్టర్ వేగం తనంతట తాను 1/60 సెకనుకో అంతకన్నా తక్కువకో దిగిపోతుంది. చేత్తో పట్టుకుంటే 1/250 అయినా ఉండాలి, లెన్సులో కుదుపు తగ్గించే ఏర్పాటు ఉన్నప్పుడే అదీ సరిపోతుంది. ఐఎస్ఓ (వెలుగుకు సెన్సార్ స్పందించే స్థాయి) 3200 దాకా పెంచండి. దానివల్ల బొమ్మలో వచ్చే గింజల్లాంటి చుక్కల్ని తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిన బొమ్మను బాగుచేయలేం. గట్టు మీద రెండు కిలోల బియ్యం పోసిన గుడ్డసంచి పెట్టి లెన్సు దానిమీద ఆనిస్తే 1/60కి కూడా పని జరుగుతుంది: వరసగా ఎనిమిది పది తీయండి, తల తిప్పడం ఆపిన క్షణంలో పడ్డది నిలుస్తుంది.

ఒకే ఫోకస్ బిందువు పెట్టి కంటిమీద ఉంచండి. చిన్న సెన్సార్ కెమెరాలో పది మీటర్ల నుంచి స్పష్టంగా వచ్చే లోతు జానెడు మాత్రమే, ముందున్న పుల్లని ఫోకస్ పట్టేస్తే పిట్ట పోయినట్టే. పిట్ట 21 సెం.మీ. కాబట్టి ఆ దూరం నుంచి ఫ్రేము ఎత్తులో ఐదింట రెండు వంతులు నిండుతుంది, ఇంకా దగ్గరికి పోయే అవసరమే లేదు. వెనక ఆకాశం ఉంటే కెమెరాలో వెలుగు సవరణను (ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్) +1కి పెంచండి. బీప్ శబ్దం, ఫోకస్‌కు సాయపడే లైటు రెండూ ఆపేయండి.

ఫ్లాష్ వద్దు. ఫోనులో కూత వినిపించి పిలవడం అసలే వద్దు: వేరే జంట చొరబడిందనుకుని గుడ్లు వదిలి బయటికొస్తుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా గూడు కాలం. ఆహారంతో పదేపదే తొర్రలోకి పోతుంటే లోపల పిల్లలున్నట్టే, 25 మీటర్లకు జరిగి పావుగంటలో లేచి వచ్చేయండి. అడ్డొచ్చే కొమ్మల్ని నరకొద్దు, కాకుల నుంచి పిల్లలకు అవే మరుగు. ఫోటో పెట్టేటప్పుడు ఊరి పేరు రాయొద్దు, ఫైల్లోని జీపీఎస్ కూడా తీసేయండి. 1972 వన్యప్రాణి చట్టం ఉన్నా దీపావళి ముందు క్షుద్రపూజల కోసం గుడ్లగూబల్ని పట్టేవాళ్లు ఉన్నారు. అపశకునమని రాయి తీసే రైతుకైతే, అది అరగనివన్నీ కక్కగా చెట్టు కింద పడ్డ ఉండని విప్పి అందులోని ఎలుక వెంట్రుకలు చూపించండి, వాదన కంటే బాగా పనిచేస్తుంది.

సాయంత్రాలు ఎంతకీ కుదరకపోతే చలికాలపు పొద్దున ప్రయత్నించండి. తొర్ర తూర్పుకు తిరిగి ఉంటే, ఎండ పడ్డ అరగంటకు జంట గుమ్మంలోకి వచ్చి చలి కాచుకుంటుంది. అప్పుడు 1/500, ఐఎస్ఓ 400 సరిపోతాయి.