పీహెచ్‌డీ గడువు ఏ రోజు నుంచి లెక్క?

ప్రశ్న: నేను జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. 2023 మార్చి 15న పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరాను. ప్రీ-పీహెచ్‌డీ పరీక్ష పాసయ్యాక, 2024 ఫిబ్రవరిలో రిజిస్ట్రేషన్ ఖరారు చేస్తూ లెటర్ ఇచ్చారు. మధ్యలో ఆరు నెలలు ప్రసూతి సెలవులో ఉన్నాను. నా ఆరేళ్లు ఎప్పటికి పూర్తవుతాయి?
– ఒక పరిశోధకురాలు, వరంగల్

జవాబు: 2029 మార్చి 14కి. 2030 ఫిబ్రవరి అనుకుంటే పదకొండు నెలలు తప్పు లెక్క వేసినట్టే. మీకు వర్తించేవి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022 నవంబరులో నోటిఫై చేసిన నిబంధనలు. వాటి ప్రకారం కోర్స్‌వర్క్‌తో (మొదట్లో చదివి పరీక్ష రాసే పేపర్లతో) కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. గడియారం తిరగడం మొదలయ్యేది అడ్మిషన్ తేదీ నుంచే. ఖరారు లెటర్ మీద పెద్ద అక్షరాల్లో ఇంకో తేదీ ఉంటుంది కాబట్టి చాలామంది అదే మొదలనుకుంటారు.

ఆరేళ్లు దాటితే రీ-రిజిస్ట్రేషన్ ద్వారా మరో రెండేళ్లు ఇవ్వవచ్చు. మొత్తం ఎనిమిదేళ్లు మించకూడదు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్ల సడలింపు ఉంది. అంటే మీకు చివరి గీత పదేళ్లు. అయితే 'ఇవ్వవచ్చు' అన్నారు గానీ 'ఇచ్చి తీరాలి' అనలేదు. ఆరేళ్లు ముగియకముందే దరఖాస్తు, ఫీజు, గైడ్ సిఫార్సు మూడూ యూనివర్సిటీ సెక్షన్‌కు చేరాలి. ముగిశాక పెట్టుకుంటే అది పొడిగింపు కాదు, రద్దయిన అడ్మిషన్‌ను బతికించుకునే పని.

ఇక సెలవు సంగతి. మహిళా స్కాలర్లకు పీహెచ్‌డీ మొత్తం కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి లేదా శిశు సంరక్షణ సెలవు ఇవ్వవచ్చని నిబంధన చెబుతోంది. మీరు తీసుకున్నది మీ కాలేజీ ఇచ్చిన సెలవా, యూనివర్సిటీ ఇచ్చిందా? పార్ట్‌టైమ్ వారికి తరచూ దెబ్బ తగిలేది ఇక్కడే. ఉద్యోగంలో సెలవు మంజూరైందని యూనివర్సిటీకి కాగితమే పెట్టరు. గైడ్ ద్వారా విడిగా దరఖాస్తు పెట్టండి. ఆ కాలాన్ని గడువు లెక్కలోంచి తీసేస్తారో లేదో ఉత్తర్వులోనే స్పష్టంగా రాయించుకోండి. నోటిమాట ఆరేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు 2029 మార్చి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ప్రింటింగ్, బైండింగ్, నో డ్యూస్, ఫీజు చలాన్లకు నెల. సిమిలారిటీ రిపోర్టుకు (ఇతర రచనలతో ఎంత కలుస్తుందో చూపేది), దాన్నిబట్టి తిరగరాయడానికి నెలన్నర. ప్రీ-సబ్మిషన్ సెమినార్‌లో వచ్చిన సూచనల ప్రకారం దిద్దడానికి రెండు నెలలు. ఆ సెమినార్‌కు తేదీ దొరకడానికి నెల. గైడ్ డ్రాఫ్టు మొత్తం చదవడానికి రెండు నెలలు. అన్నీ కలిపితే ఏడున్నర నెలలు. అంటే 2028 జులై ఆఖరుకి పూర్తి డ్రాఫ్టు గైడ్ చేతిలో ఉండాలి. సినాప్సిస్ (థీసిస్ సంక్షిప్త రూపం) ఇచ్చాక ఎన్ని నెలల్లోగా థీసిస్ ఇవ్వాలన్నది మీ యూనివర్సిటీ ఆర్డినెన్సులో ఉంటుంది. ఆ అంకెను కూడా ఈ లెక్కలో ఇరికించుకోండి.

ఇంకొక్క మాట. ప్రతి సెమిస్టర్‌కీ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రజెంటేషన్ ఇచ్చి, ప్రగతి నివేదిక సమర్పించాలి. ఆరేళ్లకు పన్నెండు నివేదికలు. సబ్మిషన్ రోజు సెక్షన్ వాళ్లు ఫైలు తిరగేసి, నాలుగోది, ఏడోది ఏవండీ అని అడిగితే అప్పుడు పాత తేదీ వేసి సంతకాలు పెట్టించడం కుదరదు. సంతకమైన ప్రతి కాగితానికీ జిరాక్సు మీ దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: కోర్స్‌వర్క్‌లో నాలుగు పేపర్లు. మూడింటికి 4 క్రెడిట్లు, ఒకదానికి 2. మార్కులు వరసగా 52, 61, 58, 2 క్రెడిట్ల పేపర్‌లో 54. నేను పాసైనట్టా?
– స్కాలర్, అనంతపురం

జవాబు: కోర్స్‌వర్క్‌కు కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. అందులో కనీసం 55 శాతం రావాలి. మీవి 14 క్రెడిట్లు. ప్రతి పేపర్ మార్కును దాని క్రెడిట్లతో హెచ్చవేసి కలిపితే 792. దాన్ని 14తో భాగిస్తే 56.57. సగటు చూస్తే గట్టెక్కారు. కానీ కొన్ని యూనివర్సిటీలు పేపర్ వారీగానూ కనీస మార్కు పెడతాయి. అది 50 అయితే మీకు ఇబ్బంది లేదు, 55 అయితే రెండు పేపర్లు మళ్లీ రాయాలి. గ్రేడ్ షీటు వెనక ముద్రించిన నిబంధన చూడండి. సప్లిమెంటరీ రాయాల్సి వస్తే ఆ నోటిఫికేషన్ ఏడాదికి ఎన్నిసార్లు వస్తుందో వెంటనే కనుక్కోండి. ఒకటి తప్పిపోతే పోయేది ఫీజొక్కటే కాదు, ఆరేళ్లలో ఒక ముక్క.

ప్రశ్న: తెలుగు సాహిత్యంలో థీసిస్. అను ఫాంట్లలో టైపు చేయించాను. మొదటిసారి సిమిలారిటీ 6 శాతం వచ్చింది. దిద్ది మళ్లీ పంపితే 94! నేను ఎక్కడా కాపీ కొట్టలేదు.
– పరిశోధక విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: ఆ 94 దాదాపుగా మీ సొంత డ్రాఫ్టే. మొదటిసారి అప్‌లోడ్ చేసినప్పుడు ఫైలు సాఫ్ట్‌వేర్ రిపాజిటరీలో (అది ఫైళ్లు దాచుకునే నిల్వలో) చేరిపోయి ఉంటుంది. రెండోసారి దాంతోనే పోల్చింది. రిపోర్టు చివర ఏ మూలంతో ఎంత శాతం కలిసిందో వరసగా ఉంటుంది. మొదటి వరసలో మీ యూనివర్సిటీ పేరుతో 'స్టూడెంట్ పేపర్' అని కనిపిస్తే సంగతి తేలిపోయినట్టే. గైడ్ సంతకంతో లైబ్రేరియన్‌కు లెటర్ పెట్టి పాత ఫైలు తీయించండి, లేదా ఆ మూలాన్ని మినహాయించి రిపోర్టు తీయమనండి. ఇకపై డ్రాఫ్టులు రిపాజిటరీలో దాచకుండా చూసే ఆప్షన్‌తోనే చెక్ చేయించండి. బయట నెట్ సెంటర్లో ఎవరి ఐడీతోనో చెక్ చేయిస్తే ఆ ఫైలు తీయించే దారే ఉండదు.

అయితే ఆ 6 శాతాన్ని కూడా నమ్మకండి. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేతాలు) కావు. స్క్రీన్ మీద మీకు తెలుగు కనిపిస్తుంది గానీ, సాఫ్ట్‌వేర్‌కు కనిపించేది అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల వరస. దాన్ని ఇంటర్నెట్‌లోని తెలుగుతో పోల్చలేదు. యూనికోడ్‌లోకి మార్చి చెక్ చేయిస్తేనే అసలు అంకె బయటపడుతుంది. కన్వర్టర్ దాటేటప్పుడు వత్తులు, రావత్తు, అరసున్నలు చెదురుతాయి. పద్యాలున్న పేజీలను అక్షరం అక్షరం చూసుకోవాలి. నాలుగు వందల పేజీలైతే దీనికే మూడు వారాలు పడుతుంది.

2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం వరకు ఉంటే చర్య ఉండదు. 10 దాటి 40 వరకైతే ఆరు నెలలకు మించని గడువులోగా సవరించి ఇవ్వాలి. 40 దాటి 60 వరకైతే ఏడాది పాటు సవరించిన ప్రతి కూడా ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మూలం చెప్పి ఉటంకించిన భాగాలు, గ్రంథసూచి, విషయసూచిక, కృతజ్ఞతలు ఈ లెక్కలోకి రావు. సాహిత్యం వారికి ఇదే ప్రాణాధారం. కావ్యాల్లోంచి ఎత్తిన పద్యాలన్నిటికీ కొటేషన్ గుర్తులు, ఆధారం ఉండేలా చూసుకోండి. గుర్తు లేని పద్యం సాఫ్ట్‌వేర్ కంటికి కాపీయే.

ప్రశ్న: థీసిస్ ఇవ్వాలంటే జర్నల్లో పేపర్ తప్పనిసరా?
– స్కాలర్, కరీంనగర్

జవాబు: 2016 నిబంధనల కింద చేరినవారికి తప్పనిసరి: ఒక రిఫరీడ్ (నిపుణులు పరిశీలించి అచ్చువేసే) జర్నల్ పేపర్, రెండు కాన్ఫరెన్స్ ప్రజెంటేషన్లు. 2022 నిబంధనల్లో ఆ షరతు తీసేశారు. మీ యూనివర్సిటీ సొంతంగా పెట్టుకుందేమో చూసుకోండి. నాలుగు రోజుల్లో అచ్చువేస్తామని డబ్బు అడిగే జర్నళ్ల జోలికి మాత్రం పోవద్దు. ఇంటర్వ్యూలో ఆ పేరు చూడగానే బోర్డు మొహం మారిపోతుంది.

ప్రశ్న: ఇద్దరు బయటి ఎగ్జామినర్లలో ఒకరు ఆమోదించారు, ఒకరు తిరస్కరించారు. ఇప్పుడేం జరుగుతుంది? అసిస్టెంట్ ప్రొఫెసర్ నోటిఫికేషన్‌కు రెండు నెలలే ఉంది.
– స్కాలర్, విశాఖపట్నం

జవాబు: ఆమోదం పొందిన ప్యానెల్లోని ప్రత్యామ్నాయ ఎగ్జామినర్‌కు థీసిస్ వెళుతుంది. వారు ఆమోదిస్తేనే వైవా (మౌఖిక పరీక్ష). వారూ వద్దంటే థీసిస్ తిరస్కరించినట్టే. తిరస్కరణ రిపోర్టు ప్రతి మీకిస్తే, గైడ్‌తో కూర్చుని ఇప్పుడే ఒక పట్టిక తయారుచేయండి: అభ్యంతరం, మీ జవాబు, థీసిస్‌లో పేజీ నంబరు. వైవాలో అవే ప్రశ్నలు వస్తాయి.

థీసిస్ సమర్పించిన ఆరు నెలల్లో మూల్యాంకనం, వైవా ఫలితం మొత్తం ముగించాలని నిబంధన ఉంది. ఆ గడువు దగ్గరపడితే, సమర్పణ రసీదు జతచేసి ఎగ్జామినేషన్ విభాగానికి లెటర్ ఇచ్చి, ఇన్‌వార్డ్ నంబరు (లెటర్ అందినట్టు వేసే నంబరు) తీసుకోండి. వైవా ఆన్‌లైన్లో కూడా జరపవచ్చు కాబట్టి, ఎగ్జామినర్ ప్రయాణం కుదరలేదన్నది వాయిదాకు కారణం కానక్కర్లేదు.

ఉద్యోగానికి పనికొచ్చేది వైవా రోజు ఫొటో కాదు, డిగ్రీ ప్రదానం చేస్తూ యూనివర్సిటీ ఇచ్చే ప్రొసీడింగ్స్, ప్రొవిజనల్ సర్టిఫికెట్. వాటి మీది తేదీ దరఖాస్తు ఆఖరు తేదీకి ముందు ఉందో లేదో చూస్తారు. డిగ్రీ యూజీసీ నిబంధనల ప్రకారమే ఇచ్చామన్న వాక్యం ప్రొవిజనల్‌లో ఉండాలి, లేకపోతే అప్పుడే అడిగి రాయించుకోండి. థీసిస్‌ను శోధ్‌గంగలో (దేశంలోని థీసిస్‌లు ఉంచే ఆన్‌లైన్ భాండాగారంలో) పెట్టడానికి శీర్షిక, విషయసూచిక, ఒక్కో అధ్యాయం, అనుబంధాలు విడివిడి పీడీఎఫ్‌లుగా అడుగుతారు. వాటిని వైవాకు ముందే సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో సిద్ధం చేసుకుంటే, సర్టిఫికెట్ ఫైలు లైబ్రరీ టేబుల్ మీద ఆగిపోకుండా ముందుకు కదులుతుంది.