ఆటలో కనపడని అంకె

ప్రశ్న: వాలరెంట్ అనే ఆన్‌లైన్ తుపాకుల ఆటలో నాదీ మా ఫ్రెండుదీ ర్యాంకు గోల్డ్ రెండే నండి. గెలిస్తే వాడికి 24 ఆర్‌ఆర్ (ర్యాంకు పాయింట్లు) వస్తుంది, నాకు 14. ఓడితే వాడికి 15 పోతుంది, నాకు 22. ఇదేం లెక్కండి? – ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: మీ ఇద్దరి బ్యాడ్జీ ఒకటే, ఎంఎంఆర్ ఒకటి కాదు. ఎవరిమీద ఎవరిని దింపాలో తేల్చడానికి సర్వర్ దాచుకునే అంకె ఎంఎంఆర్. తెరమీద మెరిసే ర్యాంకు దాని వెనకాల నడుస్తుంది. భద్రాచలంలో గోదారి పెరిగిన సంగతి ధవళేశ్వరం గేజీలో కనపడ్డానికి టైము పట్టినట్టే ఇదీను. మీ అంకె గోల్డ్ రెండుకి కిందుంది కాబట్టి ర్యాంకును కిందికి లాగుతోంది. మీ ఫ్రెండుది పైనుంది, అతన్ని పైకి తోస్తోంది. రౌండ్ల తేడా, సొంత ఆట కూడా కొంత కలుస్తాయి గానీ, వరసగా ఇంత తేడా వస్తోందంటే అసలు కారణం ఇదే.

మీ అంకెలతోనే చూద్దాం. 20 మ్యాచ్‌లలో 12 గెలిస్తే 168 వచ్చి, 8 ఓటములకి 176 పోతుంది. నూటికి అరవై గెలిచి కూడా 8 నష్టం! 13 గెలిస్తేనే 28 మిగులుతుంది. మీ ఫ్రెండు సగానికి సగం ఓడినా 90 లాభంలో ఉంటాడు.

చేయాల్సిందల్లా ఒక్కటి. 20 మ్యాచ్‌ల ప్లస్సూ మైనస్సూ కాగితం మీద రాయండి. మ్యాచ్ హిస్టరీలో పదిమంది ర్యాంకులూ కనిపిస్తాయి, అవీ చూడండి. మీతో ఆడేవాళ్లు ఎక్కువగా గోల్డ్ కింది ర్యాంకైన సిల్వర్లయితే రోగం తెలిసినట్టే. ప్లస్ 14 నుంచి 17, 19కి జరుగుతుంటే బ్యాడ్జీ కదలకపోయినా మీ అంకె ఎదుగుతోంది. బయటి ట్రాకర్ సైట్లు చూపించే ఎంఎంఆర్ మాత్రం వాళ్ల అంచనా, కంపెనీ ఇచ్చిన లెక్క కాదు.

అంకె ఇలా ర్యాంకు కిందికి జారడానికి మామూలు కారణం, మనకన్నా బాగా ఆడేవాళ్ల జట్టులో ర్యాంకు ఎక్కేసి తర్వాత ఒంటరిగా ఆడడం. ఇంకోటి మన దగ్గర ఎక్కువ: వాన పడగానే కరెంటు పోయి మ్యాచ్ మధ్యలో తెగిపోవడం. నలుగురితో మిగిలిన జట్టు ఓడితే ఆ ఓటమి మీకూ పడుతుంది, మాటిమాటికీ జరిగితే శిక్షా పడుతుంది. రౌటర్‌కి చిన్న యూపీఎస్ ఒక్కటే చాలదు, కంప్యూటర్‌కీ ఉండాలి. లేకపోతే మబ్బు పట్టిన సాయంత్రం ర్యాంకుతో పనిలేని అన్‌రేటెడ్ మ్యాచ్‌లు ఆడుకోండి.

ప్రశ్న: నాలుగు గెలవగానే ఐదు ఓడిస్తోంది. కావాలనే చేస్తున్నారా? – ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ఈ అనుమానం లేని ఆటగాడు లేడు! ఈ లెక్కలకి మూలం చదరంగం. ఆర్పాడ్ ఎలో అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ కట్టిన పద్ధతిని ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే 1970లో తీసుకుంది. అందులో రేటింగ్ మీకన్నా 200 తక్కువున్నవాడితో ఆడితే 100 ఆటల్లో మీకు 76 పాయింట్లు (గెలుపుకి ఒకటి, డ్రాకి అర) రావాలని లెక్క. గెలిచేకొద్దీ గట్టివాళ్లు తగులుతారు, సరిజోడు దొరికాక గెలుపు సగానికి వచ్చి నిలబడుతుంది. సగం సగం అన్నచోట వరస ఓటములు మామూలే. నాణెం 100 సార్లు ఎగరేస్తే ఎక్కడో ఓచోట వరసగా ఐదు బొరుసులు పడే అవకాశం నూటికి ఎనభై పైనే. వరసగా రెండు ఓడితే లేచి టీ తాగండి, మూడోది కోపంతో ఆడతారు.

ప్రశ్న: కొత్త అకౌంట్‌తో మొదలెడితే త్వరగా ఎక్కుతామా? – ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: మొదట్లో అంకె గబగబా ఎగురుతుంది, నిజమే. మీ సంగతి సిస్టమ్‌కి తెలీదు గనక ఒక్కో ఫలితానికీ పెద్ద అడుగు వేస్తుంది. గ్లికో అనే మరో రేటింగ్ పద్ధతిలో కొత్తవాడికి 1500 ఇచ్చి, పక్కనే 350 అనిశ్చితి రాసుకుంటారు. ఆటలు పెరిగేకొద్దీ ఆ 350 తగ్గి అడుగులు చిన్నవవుతాయి. అప్పటికి మీరు పాత చోటికే చేరి ఉంటారు, కొన్న స్కిన్లు (తుపాకులకి వేసే అలంకారాలు) మాత్రం పాత అకౌంట్‌లో ఉండిపోతాయి.