వాన పడితే హారన్ మోగట్లేదా? స్టీరింగ్ జోలికి వెళ్లకండి

ప్రశ్న: మా కారు తొమ్మిదేళ్ల పాతది. కొన్నాళ్లుగా హారన్ పీలగా మోగుతోంది. గట్టి వాన పడిన మర్నాడు అసలు మోగదు, ఎండెక్కాక మళ్లీ మోగుతుంది. షెడ్డులో చూపిస్తే స్టీరింగ్ విప్పి లోపలి కేబుల్ మార్చాలన్నారు, ఖర్చు వేలల్లో చెప్పారు. ఇంట్లోనే చూసుకునే దారి ఉందా సార్?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఉందండీ. ఆ డబ్బు ఇప్పుడే కట్టకండి. వాళ్లు చెప్పిన కేబుల్‌ని క్లాక్ స్ప్రింగ్ అంటారు. అది స్టీరింగ్ వెనకాల, కారు లోపల ఉంటుంది, దానికి వాన నీళ్లతో పనేముంది? పైగా అది తెగితే చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది, స్టీరింగ్ మీద ఆడియో బటన్లుంటే అవీ పనిచేయడం మానేస్తాయి. మీకు అలాంటివేవీ లేకపోతే అనుమానం ముందు బంపర్ వెనకాల ఉన్న హారన్ మీదా, దాని కనెక్టర్ మీదా, ఎర్త్ (కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగెళ్లే దారి) మీదా పెట్టుకోవాలి. అప్పుడప్పుడైనా మోగుతోందంటే ఫ్యూజు పోలేదన్నమాట.

శబ్దం పీలగా మారిందన్నారు కదా, అదే పెద్ద ఆధారం. చాలా కార్లకు రెండు హారన్లుంటాయి, ఒకటి హై టోన్, ఒకటి లో టోన్. లో టోన్‌ది పోతే మిగిలిన దాని గొంతు సన్నగా వినిపిస్తుంది. ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి, గ్రిల్ వెనక చూడండి, గుండ్రంగా అరచేయంత ఉంటాయి. ఇంట్లో ఎవరినైనా హారన్ నొక్కమని రెండింటి మీదా వేలు పెట్టి చూస్తే ఏది అదురుతోందో, ఏది అదరట్లేదో ఇట్టే తెలిసిపోతుంది.

అదరని దాని కనెక్టర్ ఊడదీసి, పిన్నుల మీద ఆకుపచ్చటి చిలుము ఉందేమో చూడండి, సముద్రం పక్క ఊళ్లలో ఇది మామూలే. తర్వాత 12 వోల్టుల టెస్ట్ ల్యాంప్ (కరెంటు తగిలితే వెలిగే చిన్న బల్బు) క్లిప్పును బ్యాటరీ నెగెటివ్‌కి తగిలించి, సూదిని కనెక్టర్‌లోని కరెంటు పిన్నుకి ఆనించి, హారన్ నొక్కించండి. ల్యాంప్ వెలిగితే కరెంటు అక్కడిదాకా వస్తోంది, స్టీరింగ్‌కి ఏ రోగమూ లేదు. ఇప్పుడు క్లిప్పు తీసి ఎర్త్ పిన్నుకి, ఒకే వైరున్న హారన్ అయితే దాని బ్రాకెట్‌కి (కారుకి బిగించే పట్టీకి) తగిలించండి. అప్పుడు ఆరిపోతే గుట్టు ఎర్త్‌లో ఉంది. ఎర్త్ తగిలేచోట బోల్టు విప్పి తుప్పును ఎమరీ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా రుద్ది బిగిస్తే చాలు, కొత్త హారన్ కొనక్కర్లేదు. రెండుచోట్లా వెలిగినా మోగకపోతేనే హారన్ పోయినట్టు. అసలు మొదటిచోటే వెలగకపోతే రిలే (హారన్‌కి కరెంటు కలిపే చిన్న స్విచ్చు), వైరింగ్ చూడాలి. ఈ పరీక్ష హారన్ మోగని రోజునే చేయండి, ఎండలో చేస్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి.

హారన్ మార్చేటప్పుడు ముందు బ్యాటరీ నెగెటివ్ విప్పాలి. ఒకే బోల్టు, పది లేదా పన్నెండు నంబరు స్పానర్ సరిపోతుంది, కొన్ని కార్లకు మాత్రం బంపర్ కదిలించాల్సి వస్తుంది. కొత్తవి పాత వాటంత ఆంపియర్లవే, జతగా తీసుకోండి. ఎక్కువ కరెంటు లాగేవి పెట్టి ఫ్యూజు పెద్దది వేయడం మాత్రం వద్దు, వైరు కాలుతుంది. హారన్ పట్టీ స్ప్రింగులాంటి రేకు, అది అదిరితేనే శబ్దం బాగా వస్తుంది, కాబట్టి హారన్ ఎక్కడా బాడీకి తగలకూడదు. నోరు కాస్త కిందికి తిప్పి బిగిస్తే నీళ్లు లోపల నిలవవు.

షాపులో ఒకదాని తర్వాత ఒకటి రకరకాల స్వరాలు మోగే హారన్లు చూపిస్తారు, కొనకండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో 119వ నిబంధన వాటిని ఒప్పుకోదు.

ఒకవేళ ఎయిర్‌బ్యాగ్ లైటు నిజంగానే వెలుగుతుంటే మాత్రం స్టీరింగ్‌ని ఇంట్లో విప్పొద్దు. ఎయిర్‌బ్యాగ్ పొరపాటున పేలితే ముఖానికీ చేతులకీ ప్రమాదం. ఆ పని తెలిసినవాళ్లకే ఇవ్వండి.