‘ఎందుకిలా జరిగింది?’ అంటే యూదులు ఏం చెబుతారు?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు, న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్ల కిందట రోడ్డు ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయింది. అప్పటి నుంచీ వీల్‌చెయిర్‌లోనే. ఇండియా నుంచి ఫోన్ చేసే చుట్టాలందరూ పూర్వజన్మ కర్మ అనో, దేవుడు పరీక్ష పెడుతున్నాడనో అంటారు. మా ఆఫీసులో పనిచేసే ఒక యూదు పెద్దాయన మాత్రం ఇంటికొచ్చి, అలాంటివేమీ అనకుండా, నేను మాట్లాడింది విని వెళ్లాడు. నాకు దేవుడి మీద పిచ్చికోపంగా ఉంది, పూజ మానేశాను, ఎందుకు బతికానా అని కూడా అనిపిస్తోంది. అన్ని ఘోరాలు చూసిన యూదులు ఇంకా దేవుణ్ని ఎలా నమ్ముతున్నారు? నమ్మకం పోయాక బతుక్కి ఒక అర్థం దొరుకుతుందా?
– ఒక పాఠకుడు, ఎడిసన్

జవాబు: మీరు చివర్లో అన్నట్టు ‘ఎందుకు బతికానా’ అనే ఆలోచన తరచూ వస్తుంటే, మతం సంగతి తర్వాత, ముందు మీ డాక్టరుకి ఈ మాట ఉన్నదున్నట్టు చెప్పండి. ఇవాళే చెప్పండి. వెన్ను దెబ్బ తర్వాత డిప్రెషన్ చాలామందికి వస్తుంది, దానికి వైద్యం ఉంది.

ఇక ఆ పెద్దాయన సంగతి. ఆయన స్వభావమే అంత కావచ్చు గానీ, దాని వెనక ఒక పాత మర్యాద కూడా ఉంది. యూదుల ఇంట్లో ఎవరైనా పోతే ఏడు రోజులు షివా పాటిస్తారు, పరామర్శకి వెళ్లినవాళ్లు దుఃఖంలో ఉన్నవాళ్లు నోరు తెరిచేదాకా తాము మాట్లాడకూడదు. ఇది బైబిల్‌లోని యోబు కథ నుంచి తీసుకున్నదే. పిల్లలూ ఆస్తీ ఆరోగ్యమూ అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి స్నేహితులు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు పక్కనే నేలమీద కూర్చుంటారు, ఒక్క మాట అనరు. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత నోరు విప్పి ‘నువ్వేదో తప్పు చేసే ఉంటావు’ అని మొదలుపెట్టి మొత్తం పాడుచేస్తారు! కథ చివర్లో దేవుడు కోప్పడేది నిలదీసిన యోబు మీద కాదు, తన తరఫున వకాల్తా పుచ్చుకున్న ఈ స్నేహితుల మీద. మీకు ఫోన్ చేసే చుట్టాలకి ఈ కథ చెప్పి చూడండి.

కాబట్టి కోపం వచ్చినంత మాత్రాన మీ నమ్మకం పోయిందని ఎందుకు అనుకుంటున్నారు? సొదొమ ఊరిని నాశనం చేస్తానన్నప్పుడు ‘లోకానికంతా తీర్పు చెప్పేవాడివి, నువ్వే న్యాయం తప్పుతావా’ అని యూదుల మూలపురుషుడు అబ్రహాము దేవుడితో వాదనకి దిగాడు. గోల్కొండ చెరసాలలో మన రామదాసు రాముణ్ని దులిపేశాడు కదా, అదే వరస. పరిచయం లేనివాడితో ఎవరూ అలా పోట్లాడరు. (నిజం చెప్పాలంటే, నాజీలు లక్షలాది యూదుల్ని చంపిన హోలోకాస్ట్ తర్వాత దేవుణ్ని పూర్తిగా వదిలేసిన యూదులూ చాలామంది ఉన్నారు, వాళ్లని తప్పుపట్టే హక్కు మనకెవరికీ లేదు.)

నన్ను బాగా పట్టుకున్న కథ మాత్రం యూదుల ధర్మచర్చల గ్రంథం తాల్ముద్‌లోది. రబ్బీ (అంటే యూదు మతగురువు) యోహానాన్ అని మూడో శతాబ్దపు గొప్ప పండితుడు, పదిమంది కొడుకుల్ని పోగొట్టుకున్నవాడు. పదో కొడుకు ఎముక ఒకటి దగ్గర పెట్టుకుని, దుఃఖంలో ఉన్నవాళ్లకి చూపించేవాడట. ఒకసారి ఆయన జబ్బుపడితే రబ్బీ హనీనా చూడటానికి వచ్చి, ‘ఈ బాధలు నీకు ఇష్టమేనా?’ అని అడుగుతాడు. బాధ పడితే పుణ్యం వస్తుందని చెప్పుకునే రోజులు మరి. యోహానాన్ జవాబు: ‘అవీ వద్దు, వాటి వల్ల వచ్చే ఫలమూ వద్దు.’ హనీనా దానికి ఉపదేశమేమీ ఇవ్వడు, ‘చెయ్యి ఇలా ఇవ్వు’ అంటాడు. చెయ్యి పట్టుకుని లేపుతాడు. ఇంకో విశేషం ఏమిటంటే, అంతకుముందే యోహానాన్ మరో రోగిని సరిగ్గా ఇలాగే లేపి ఉన్నాడు. మరి తనను తాను లేపుకోలేడా అని తాల్ముద్ అడిగి, జైల్లో ఉన్నవాడు తనంతట తాను బయటికి రాలేడు అని జవాబిస్తుంది. మీరు ఒక్కరే గదిలో కూర్చుని అర్థం వెతుక్కుంటున్నారని ఉత్తరంలోనే తెలిసిపోతోంది, అందుకే ఇంత వివరంగా చెప్పాను. మీ దగ్గర్లో వెన్ను దెబ్బ తగిలినవాళ్ల సపోర్ట్ గ్రూపు ఉందేమో ఆసుపత్రిలో అడగండి. ఆ పెద్దాయన్ని మళ్లీ రమ్మని పిలవండి.

జరిగినదానికి కారణం వెతకడం ఒక దారి, జరిగిపోయింది కాబట్టి ఇప్పుడు నా మీద ఏ పని పడింది అని అడగడం ఇంకో దారి. 1956లో న్యూయార్క్‌లోని యెషీవా యూనివర్సిటీలో రబ్బీ సోలవీచిక్ ఇచ్చిన ప్రసంగం మొదలయ్యేది దీనితోనే. మొదటి ప్రశ్నకి మనిషి బుర్రకి జవాబు అందదు, రెండోది మన చేతుల్లో ఉంది అంటాడాయన. వినడానికి పెద్దమాటలా ఉంటుంది గానీ, బతికి చూపించినవాళ్లున్నారు. క్లౌసెన్‌బర్గ్ రబ్బీ హాల్బర్‌స్టామ్ భార్యనీ పదకొండుమంది పిల్లల్నీ నాజీల కాలంలో పోగొట్టుకున్నాడు, తాను నాజీల ఆష్విట్జ్ మృత్యుశిబిరం నుంచి ప్రాణాలతో బయటపడ్డాడు. యుద్ధం అయ్యాక శరణార్థి శిబిరాల్లో, తనలాగే అందరినీ పోగొట్టుకున్న పిల్లలకి పెద్దదిక్కై చదువులు చెప్పించాడు, పెళ్లిళ్లు చేశాడు. తర్వాత ఇజ్రాయెల్‌లోని నెతన్యా ఊళ్లో లనియాడో ఆసుపత్రి స్థాపించాడు, అది ఇప్పటికీ నడుస్తోంది. ఇదంతా చేసినందుకు ఆ పదకొండుమంది పోవడానికి ఒక అర్థం వచ్చిందా? నాకైతే రాలేదనే అనిపిస్తుంది, రావాలని ఆశించడం కూడా అన్యాయం.

మిమ్మల్ని ఆసుపత్రి కట్టమనడం లేదు. వీల్‌చెయిర్‌లో ఉన్నారు కదా అని అందరికీ ‘ఇన్‌స్పిరేషన్’ కావాల్సిన ఖర్మ కూడా మీకు లేదు. యూదు పద్ధతిలో నమ్మకం కుదిరాక పని మొదలుపెట్టాలనే నియమం ఏమీ లేదు, దేవుడు ధర్మశాస్త్రం ఇచ్చిన సీనాయి కొండ దగ్గర వాళ్ల పూర్వికులు ‘చేస్తాం’ అని ముందు చెప్పి, ‘వింటాం’ అని తర్వాతే అన్నారు. అలాగే మీరూ, మీరు లేకపోతే ఇంకొకరికి ఇబ్బంది అయ్యే పని ఒకటి వారానికోసారి ఒప్పుకోండి. పక్కింటి పిల్లాడికి లెక్కలు చెప్పడమైనా సరే. పూజ సంగతి మీకూ దేవుడికీ మధ్య ఉన్న తగువు, దానికి తొందరేం లేదు.

ప్రశ్న: మా గుంటూరు వైపు కూడా యూదులమని చెప్పుకునేవాళ్లు ఉన్నారు. అసలు వాళ్ల మతంలో కర్మ సిద్ధాంతం ఉందా?
– తెనాలి పాఠకురాలు

జవాబు: ఉన్నారు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదులు సొంత ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. ఇక కర్మ విషయానికొస్తే, మంచికి మంచి, చెడుకి చెడు అనే మాట బైబిల్‌లోని ద్వితీయోపదేశకాండంలో గట్టిగానే ఉంది. యూదు మార్మికులు పునర్జన్మని కూడా నమ్మారు, పదో శతాబ్దపు సాదియా గావోన్ లాంటి పండితులు పునర్జన్మ మాటే తప్పన్నారు. అయితే మంచివాళ్లకి కష్టాలెందుకో, చెడ్డవాళ్లకి సుఖాలెందుకో చెప్పడం మన చేతుల్లో లేదని రబ్బీ యన్నాయ్ ఏనాడో తేల్చేశాడు. తాల్ముద్ ఇంకాస్త ముందుకెళ్లి, జబ్బుపడినవాళ్లతోనో పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లతోనో ‘నీ పాపం వల్లే ఇలా అయింది’ అన్నట్టు మాట్లాడటాన్ని నిషేధించింది. మాటలతో చేసే హింస కింద లెక్క అది.