రైతుల ప్రశ్నలు: మూలనున్న ఇంజన్‌లో పెట్రోలు ఉంచొద్దు

ప్రశ్న: జీడితోటలో తుప్పలు కొట్టడానికి టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్ కొన్నాం. నిరుడు పిక్కల ఏరివేతకు ముందు వాడి మూలన పెట్టాం. ఇప్పుడు స్టార్టవుతోంది గానీ ఎక్సలేటర్ ఇవ్వగానే ఆగిపోతోంది. కొత్త ప్లగ్గు వేసినా అంతే. ఇంజన్ విప్పించాలా?
– ఒక రైతు, వజ్రపుకొత్తూరు మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఇంజన్ జోలికి ఇప్పుడే పోకండి. చిన్నగా తిరుగుతూ, రేజ్ చేస్తే ఆగుతోందంటే ప్లగ్గులో కరెంటు వస్తోంది, పెట్రోలు చాలడం లేదు. ముందు అనుమానించాల్సింది ట్యాంకులో ఏడాదిగా ఉన్న పెట్రోలునే. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇరవై శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలో తేమను పీలుస్తుంది. ఉద్దానంలో సముద్రపు గాలికి ఆ తేమ ఎక్కువే. నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్‌తో కలిసి అడుక్కి దిగిపోతుంది. మీరు కలిపిన టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్‌కి పెట్రోలులో కలిపే ఆయిల్) మాత్రం పైనున్న పెట్రోలులోనే ఉండిపోతుంది. ట్యాంకులో పెట్రోలు ఫిల్టర్ ఉండేది అడుగున కాబట్టి అది పీల్చేది ఆయిల్ లేని ఆ ఇథనాల్ నీళ్లనే. అలా నడిపితే పిస్టన్ గీసుకుపోతుంది. అందుకే ఆ పెట్రోలుతో ఇంకోసారి తాడు లాగొద్దు.

దాన్ని గాజు సీసాలోకి వంచి అరగంట కదపకుండా ఉంచండి. అడుగున గీత గీసినట్టు వేరే పొర కనిపిస్తే సంగతి అదే. పొర లేకపోయినా వార్నిష్ వాసన కొడితే వాడొద్దు. నూతి దగ్గర, కాలువలో మాత్రం పారబోయకండి.

తర్వాత తీగ కొనను కొక్కెంలా వంచి, ట్యాంకు మూతిలోంచి ఫిల్టర్ని పైకి లాగండి. జిగటగా నల్లబడి ఉంటే కడగడం దండగ, కొత్తది వేయండి. పైపు వంచితే పగుళ్లు కనిపిస్తే అదీ మార్చాలి. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడినా ఇదే బాధ. టూటీ కలిపిన కొత్త పెట్రోలు పోసి, మిషన్ని నేలమీద నిలకడగా పెట్టి, మూత కాస్త వదులు చేసి రేజ్ చేస్తే తేలిపోతుంది.

ఇవన్నీ బాగుంటే కార్బరేటర్ పక్కమూత తీసి, లోపలి పల్చటి రబ్బరు పొర చూడండి. దాన్నే డయాఫ్రమ్ అంటారు. మంచిది వేలితో నొక్కితే చప్పుడు లేకుండా మెత్తగా లోపలికి పోతుంది. పాడైంది ఎండుటాకులా టిక్కుమంటుంది. గట్టిపడిన పొర రేజ్‌కి తగినంత పెట్రోలు లాగనివ్వదు. పొరలు, గాస్కెట్లు కిట్‌గా దొరుకుతాయి, కార్బరేటర్ మొత్తం మార్చనక్కర్లేదు. రెండు వైపులా గాస్కెట్, పొర వరస ఒకటి కాదు, విప్పేముందు ఫోన్లో ఫొటో తీసుకోండి. సైలెన్సర్ జాలీ మసితో పూడినా రేజ్ ఎత్తదు. చల్లారాక వైర్ బ్రష్‌తో రుద్దండి.

ఈసారి పని అయ్యాక ట్యాంకు వంచేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడపండి. ప్లగ్గు తీసి చెంచాడు టూటీ ఆయిల్ పోసి, తాడు రెండు మూడుసార్లు మెల్లగా లాగి ప్లగ్గు బిగించండి. పావుగంట పని. ఇది మానేసినందుకే ఏడాదికోసారి కార్బరేటర్ కిట్ కొంటున్న రైతులున్నారు.

ప్రశ్న: మొక్కజొన్నలో కలుపు తీసే ఫోర్ స్ట్రోక్ పవర్ వీడర్ ఉంది. ఇంజన్ ఆయిల్ పోసిన దానికంటే పెరిగింది, పెట్రోలు వాసన వస్తోంది. అలాగే వాడొచ్చా?
– చీపురుపల్లి, విజయనగరం జిల్లా

జవాబు: ఒక్క గంట కూడా వాడొద్దు. కార్బరేటర్‌లో ఫ్లోట్ నీడిల్ (పెట్రోలు నిండగానే దారి మూసే చిన్న సూది) సరిగా మూసుకోక, పెట్రోలు సిలిండర్‌లోంచి ఆయిల్లోకి దిగుతోంది. పెట్రోలు కాక్ కట్టేయకుండా ఆటోలో ఎక్కించి గతుకుల్లో తీసుకెళ్లినా ఇలాగే అవుతుంది. ఇలాంటి చాలా చిన్న ఇంజన్లలో ఆయిల్ పంపు ఉండదు. కనెక్టింగ్ రాడ్ కింది చిన్న గరిటే ఆయిల్ని చిమ్ముతుంది. పల్చబడిన ఆయిల్‌తో మొదట అరిగేది ఆ రాడ్డే. నీడిల్ శుభ్రం చేసి, అరిగితే మార్చి, ఆ తర్వాతే కొత్త ఆయిల్ పోయండి.

ఆయిల్ని ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దించితే మడ్డి కూడా వచ్చేస్తుంది. ఐదున్నర హార్స్‌పవర్ రకానికి సుమారు 600 మిల్లీలీటర్లు పడుతుంది, గ్రేడ్ కంపెనీ పుస్తకంలో చూసుకోండి. బండిని సమతలంగా పెట్టి కొలవండి. డిప్‌స్టిక్‌ను (ఆయిల్ కొలిచే పుల్లను) తిప్పి బిగించి చూడాలా, ఊరికే దించి చూడాలా అన్నదీ ఆ పుస్తకంలోనే ఉంటుంది. కొత్త బండికి మొదటి 20 గంటలకు, తర్వాత మామూలుగా 100 గంటలకోసారి మార్చాలి. రోజుకు నాలుగు గంటల చొప్పున 25 రోజులు దున్నితే ఆ వంద అయిపోయినట్టే. దుమ్ములో తోలితే ఇంకా ముందే మార్చండి. స్పాంజి ఎయిర్ ఫిల్టర్ని సబ్బునీళ్లలో కడిగి నీడన ఆరబెట్టి, కాస్త ఇంజన్ ఆయిల్ పట్టించి గట్టిగా పిండి వేయండి. కాగితపు ఫిల్టర్ని తడపకూడదు. వీడర్ కలుపు తీసే పళ్ల దగ్గర చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు టోపీ పీకడం మరవకండి.

ప్రశ్న: టూ స్ట్రోక్ స్ప్రేయర్‌లో టూటీ బదులు బైకు ఇంజన్ ఆయిల్ కలపొచ్చా?
– బొబ్బిలి

జవాబు: కూడదు. అది పూర్తిగా కాలక, సైలెన్సర్ దారిలో, ప్లగ్గు మీద మసిగా పేరుకుంటుంది. కంపెనీ 50:1 అని రాస్తే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అయితే 40 మిల్లీలీటర్ల టూటీ. మెడికల్ షాపులో దొరికే 20 మిల్లీలీటర్ల సిరంజితో కొలవండి, మూతతో ఉజ్జాయింపుగా పోయకండి. వేరే డబ్బాలో కలిపి బాగా ఊపి, ఆ తర్వాతే ట్యాంకులో పోయండి.